తీగలు లేని ఆఫీసుకు ఎన్ని తీగలు కావాలి?

శ్రీకాకుళంలో కొత్త ఆఫీసు తెరిచేవాళ్ళు తేల్చుకునే విషయాలకు ఒక వరస ఉంది. ముందు ముహూర్తం, తర్వాత ఫాల్స్ సీలింగు, ఆ తర్వాత ఓనరు గది గోడ రంగు. నెట్‌వర్కు సంగతి పాలు పొంగించిన రోజున, పులిహోర పొట్లాలు పంచుతుండగా గుర్తొస్తుంది. అప్పటికి పుట్టీ ఆరింది, పెయింటరు డబ్బులు పట్టుకుని వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ ఘడియలోనే ఓ పెద్దమనిషి చారిత్రక ప్రకటన చేస్తారు: "గోడలు తవ్వడమేటి బాబూ, వైఫై పెట్టీండి, సరిపోద్ది."

అంతే, సభ రెండుగా చీలుతుంది. ఒకవైపు గాలివాదులు, మరోవైపు తీగవాదులు. ద్వైతానికీ అద్వైతానికీ మధ్య కూడా ఇంత ఘాటైన వాదం నడిచి ఉండదు. ఉభయపక్షాల మీదా సమాన గౌరవంతో, ఇద్దరూ తప్పేనని ఈ వ్యాసం సవినయంగా మనవి చేసుకుంటోంది.

ముందు వంశవృక్షం చూద్దాం. 1971లో హవాయి విశ్వవిద్యాలయం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దాని పేరు అలోహానెట్. అందులోని ఆలోచనను తీసుకుని 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ తీగ మీదికి ఎక్కించి, ఈథర్‌నెట్ అన్నాడు. ఈథర్ అంటే ఆకాశమంతా నిండి ఉంటుందని పాతకాలపు శాస్త్రజ్ఞులు ఊహించిన పదార్థం. అంటే తీగకు పేరు పెట్టింది గాలిని చూసే. కాబట్టి ఇది దాయాదుల తగాదా. దాయాదుల తగాదా ఎప్పుడూ గోడ దగ్గరే వస్తుంది. ఇక్కడా అంతే.

గాలివాదులు రౌటర్ కొనగానే దానికి చోటు చూస్తారు. ఓనరు గదిలో, ఆగ్నేయ మూలన, ఇనప బీరువా వెనక. వాస్తుకు వాస్తు, దొంగల నుంచి రక్షణకు రక్షణ. పక్కనే ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను. ఇనుము తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి, మిగిలినదాన్ని తొమ్మిదంగుళాల ఇటుక గోడ చూసుకుంటుంది. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు నేరుగా వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. ఇన్నేళ్ళుగా ఆ అద్భుతం ఆగకపోవడానికి ఒక చిన్న కారణం, దారిలో ఎవరూ బీరువా పెట్టలేదు. వైఫై కూడా వెలుతురు కుటుంబమే. మన ఆఫీసుల్లో అది అకౌంటెంటు పాదాలను తాకాలంటే ఏ పర్వదినమో రావాలి.

ఇక ఆ రౌటర్ అట్టపెట్టె మీద 1200 అని, అంటే సెకనుకు అన్ని మెగాబిట్ల వేగమని ఉంటుంది. వైఫై నడిచే రేడియో పట్టీలు రెండు: 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కలిపి 1167, దాన్ని పెద్దమనసుతో 1200 చేశారు. ఒక ఫోను ఒకసారి ఈ రెండింట్లో ఒకదాన్నే పట్టుకుంటుంది. ఆమదాలవలస నుంచి విశాఖకు బస్సు వేగం, రైలు వేగం కూడి "మా ఊరి నుంచి ఇంత స్పీడు" అని చెప్పుకోవడం లాంటిదే ఇది. పైగా ఈ తరగతిలో చవక రౌటర్లు చాలావాటి వెనకున్న తీగ పోర్టులు 100 మెగాబిట్లవే. హాలు కల్యాణమండపం, గుమ్మం మాత్రం కిటికీ అంత. కొనేముందు పెట్టె వెనక గిగాబిట్ (వెయ్యి మెగాబిట్ల) పోర్టు అని రాసి ఉందో లేదో చదవండి, ముందువైపు బొమ్మ ఎలాగూ అందంగానే ఉంటుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో చానెళ్ళు, అంటే సిగ్నల్ నడిచే దార్లు, 13. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండేవి మూడే: 1, 6, 11. విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ అనుకోండి. ఆ మూడిటి కిందే చుట్టుపక్కల బట్టల కొట్టు, ల్యాబు, కోచింగ్ సెంటరు, పై వాటాలోవాళ్ళూ సర్దుకోవాలి. శ్రీకాకుళంలో ఏడు రోడ్లున్న జంక్షన్లోనే బళ్ళు ఇరుక్కుంటుంటే, మూడు దార్లున్న చోట ఏమవుతుందో ఊహించుకోండి. ఇవేవీ వద్దని కొందరు తెలివిగా 3వ చానెల్ పెట్టుకుంటారు. దాంతో 1లో ఉన్నవాళ్ళకూ 6లో ఉన్నవాళ్ళకూ అడ్డం పడి ఇద్దరి చేతా తిట్లు తింటారు. 5 గిగాహెర్ట్జ్‌లో దార్లు విశాలం, కానీ అది గోడల దగ్గర మరీ సుకుమారం. గదికొకటి పెట్టుకునే స్తోమత ఉన్నవాళ్ళకే అది అచ్చొస్తుంది.

అసలు చిక్కు సిగ్నల్ గీతల్లో లేదు, వంతుల్లో ఉంది. ఒక చానెల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ఇరవై మంది సిబ్బంది అంటారు, వాళ్ళ జేబుల్లో ఫోన్లు కూడా లెక్కేస్తే నలభై తేలతాయి. అందులో ఏ పాతకాలపు ఫోనో దూరంగా మెట్ల దగ్గర నిలబడి నత్తనడకన వీడియో లాగుతుంటే, ఆ కాసేపూ మిగతా ముప్ఫై తొమ్మిదీ నోరు మూసుకుని వినాలి. ప్రతి నెలా 20వ తారీఖున, జీఎస్టీ 3బి రిటర్ను గడువు రోజున, సరిగ్గా ఇదే సమయానికి అకౌంట్స్ సెక్షన్ నుంచి కేక వస్తుంది: "నెట్టు ఎలిపోనాది!" నెట్టు ఎక్కడికీ పోలేదు, వంతు కోసం నిలబడింది. సర్వర్ మీద టాలీ డేటా తెరిచి వైఫై మీద ఎంట్రీలు కొట్టేవాళ్ళకు ఇంకో బహుమానం ఉంది. మధ్యలో ఒక్క క్షణం లింకు తెగితే డేటా ఫైలు చెడే ప్రమాదం. బ్యాకప్ ఎప్పుడు తీశారని అడిగితే అందరూ ఆ పక్కవాళ్ళ వంక చూస్తారు.

దీనికి గాలివాదుల విరుగుడు ఎక్స్‌టెండరు. చెవుడున్న తాతగారి పక్కన మనవడు కూర్చుని ప్రతి మాటా మళ్ళీ చెబుతుంటాడే, అదే ఎక్స్‌టెండరు. మాట అందుతుంది, కానీ ప్రతి మాటకూ రెండు మాటల కాలం పడుతుంది. ఒకే చానెల్ మీద విని అదే చానెల్ మీద మళ్ళీ చెబితే వేగం సగానికి పడిపోక ఏమవుతుంది? పైగా దాన్ని సిగ్నల్ అసలే అందని గదిలో పెడతారు. అక్కడ మనవడికీ చెవుడే. చూడ్డానికి మాత్రం గీతలన్నీ నిండుగా ఉంటాయి.

కావలసింది ఏపీ. ఆంధ్రప్రదేశ్ కాదు, యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చిన నెట్టును వైఫైగా వెదజల్లే పెట్టె. కనీసం ఈ ఏపీకైనా ప్రత్యేక హోదా ఇవ్వండి: సీలింగు మధ్యలో సీటు, దానికంటూ సొంతంగా ఒక కేబుల్, ఆ కేబుల్లోనే కరెంటు కూడా వెళ్ళేలా పీఓఈ స్విచ్. స్విచ్ అంటే లైటుది కాదు, ఆఫీసు తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్కు పెట్టె. పెట్టాక ఫోన్లో ఏదో ఒక వైఫై ఎనలైజర్ వేసుకుని ప్రతి కుర్చీ దగ్గరా చూడండి. సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం కన్నా దిగజారితే వీడియో కాల్ మీద ఆశ వదులుకోండి. ఈ పరీక్ష ఆదివారం ఖాళీ ఆఫీసులో చేస్తే అంతా శుభంగా కనిపిస్తుంది. మనిషి ఒళ్ళు నీళ్ళ మూట. సోమవారం జనం నిండాక చూడండి.

ఇప్పుడు లెక్క. రెండంతస్తులు, ఇరవై సీట్ల "వైర్‌లెస్" ఆఫీసులో ఏపీలకు 3 తీగలు, కెమెరాలకు 8, ప్రింటర్లకు 2, వేలిముద్రల హాజరు మిషనుకు 1, నెట్ కంపెనీ లైను 1. మొత్తం 15. తీగలు వద్దనుకున్న ఆఫీసుకు ఇన్ని. ఎలాగూ పైపులు వేస్తున్నప్పుడు బల్లలకు కూడా లాగితే పోయేది కేబుల్ ఖర్చే. కుర్చీకి తువ్వాలు కట్టుకుని పదిహేనేళ్ళుగా ఒకే చోట కూర్చున్న అకౌంటెంటుగారికి మొబిలిటీ ఎందుకు చెప్పండి? బిల్లింగు, అకౌంట్లు, సర్వర్, ప్రింటరు, కెమెరా, ఏపీ, వీటికి తీగ. ఫోన్లు, తిరిగే ల్యాప్‌టాపులు, మీటింగు గది, అతిథులు, వీళ్ళకు గాలి.

ఇది విని తీగవాదులు మీసం మెలేస్తున్నారు. ఆగండి, మీ పాపాల చిట్టా ఇంకా పెద్దది.

సీటుకు రెండు పాయింట్లు, సగటున ఒక్కోదానికి 25 మీటర్లు అనుకుంటే ఇరవై సీట్లకు వెయ్యి మీటర్లు. క్యాట్ 6 రకం నెట్‌వర్కు కేబుల్ పెట్టె 305 మీటర్లు, నాలుగు పెట్టెలు తెస్తే కొసల్లో వదిలే తోకలకు కూడా సరిపోతుంది. ఇక్కడ ఓనరుగారికి "అదే కేబుల్, సగం ధర" దొరుకుతుంది. దాని పేరు సీసీఏ, అంటే రాగి పూత పూసిన అల్యూమినియం. పెట్టె ఎత్తితే తేలిగ్గా ఉంటుంది, తీగను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా మెరుస్తుంది. నాలుగుసార్లు వంచితే తెగుతుంది, దూరం పోయేకొద్దీ కెమెరాకు చాలినంత కరెంటు అందదు. బుడితి ఇత్తడి చెంబును మోగించి, గీరి, వాసన చూసి కొనే జిల్లా మనది. అలాంటివాళ్ళం తీగ దగ్గరకు వచ్చేసరికి పెట్టె రంగు చూసి కొంటాం.

కేబుల్లో నాలుగు జంటలుంటాయి. ఒక్కో జంట ఒక్కో లెక్కన మెలితిరిగి ఉంటుంది. బయటి అలజడి జంటలోని రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టుకుపోవడానికే ఆ మెలిక. పొందూరులో నూలు వడికే ఏ అమ్మనడిగినా మెలిక విలువ చెబుతుంది. తీగ కొసకు ప్లగ్గు బిగించే మన క్రింపింగ్ నిపుణుడు మాత్రం మూడంగుళాలు విప్పి, దువ్వి, జడ వేసినట్టు సర్దుతాడు. విప్పవలసింది అరంగుళం.

అంతకన్నా గొప్పది "ఇటూ అటూ ఒకటే వరసైతే సాల్లే బాబూ" సిద్ధాంతం. దీని ప్రకారం నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట, పక్కపక్కనే వరసగా పెట్టేస్తారు. టెస్టరులో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరసగా వెలుగుతాయి. ఎలక్ట్రీషియన్ చేతులు దులుపుకుంటాడు. కానీ ప్లగ్గులో 3, 6 పిన్నులు ఒకే జంట కావాలి. ఈ వరసలో 3కు ఆకుపచ్చ జంట తీగ, 6కు నీలం జంట తీగ పడ్డాయి. పెళ్ళి ఒకరితో, కాపురం మరొకరితో. దగ్గర దూరంలో ఎలాగో నడుస్తుంది, దూరం పెరిగితే, గిగాబిట్ అడిగితే గొడవ మొదలవుతుంది. టెస్టరుకు తీగ ఈ చివర నుంచి ఆ చివరకు ఉందా లేదా అన్నదే తెలుసు, ఏ తీగ ఎవరి జంటో దానికి పట్టదు. సరైన వరస ఇది, గోడ మీద రాసుకోండి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ.

కరెంటు తీగతో కలిపి ఒకే పైపులో లాగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక పైపు మిగులుతుంది, ఏదో ఒకనాడు తొడుగు కరిగితే 230 ఓల్టులు నెట్‌వర్క్‌లో ప్రయాణిస్తాయి. జానెడు ఎడం ఉంచండి, దాటాల్సివస్తే అడ్డంగా దాటించండి. రోడ్డవతలి గోడౌనుకు మాత్రం రాగి తీగ ఎంత మంచిదైనా వద్దు, పిడుగుపాటుకు ఒక బిల్డింగు స్విచ్ పోవాల్సింది రెండూ పోతాయి. అక్కడికి ఫైబర్. గాజు పోగు కరెంటును మోయదు.

అంతా బాగున్న ఆఫీసును పడగొట్టడానికి రెండు సులువైన మార్గాలున్నాయి. ఒకటి, పాత వైఫై రౌటర్ తెచ్చి దాని పసుపు పోర్టును, అంటే కంప్యూటర్లకు తీగ ఇచ్చే ల్యాన్ పోర్టును, ఆఫీసు స్విచ్‌కు కలపడం. ఇక అడ్రసులు ఇచ్చే డీహెచ్‌సీపీలు ఇద్దరు. సగం మందికి అసలు రౌటర్, సగం మందికి ఎటూ పోని రౌటర్. రాజధానులు ఎన్నుండాలో పెద్దలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, అడ్రసులు పంచేవాడు మాత్రం ఒక్కడే ఉండాలి. పాతదాన్లో డీహెచ్‌సీపీ ఆపి, దాని అడ్రసు మార్చి అప్పుడు కలపండి. రెండోది ఇంకా అమాయకమైనది. ఊడ్చేటప్పుడు కింద వేలాడుతున్న తీగ కొస కనిపిస్తుంది. "పాపం ఊడిపోయినట్టుంది" అని దయతో ఎవరో దాన్ని స్విచ్‌లో పెడతారు. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. చవక స్విచ్‌కు ఆ చక్రబంధం తెలియదు, వచ్చిన మాటనే తిప్పితిప్పి చెప్పుకుంటుంది. లైట్లన్నీ పైడితల్లి జాతర సీరియల్ బల్బుల్లా ఒక్కసారే కొట్టుకుంటాయి, ఆఫీసులో ఒక్క పేజీ తెరుచుకోదు. లూపు పసిగట్టే స్విచ్ కాస్త ఎక్కువ ధరే. ఆ ధర గృహప్రవేశం నాటి పూలదండల ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

చివరగా లేబుళ్ళు. తీగ రెండు కొసలకూ ఒకే నంబరు వేయాలి, అంతస్తు, పాయింటు తెలిసేలా. తీగలన్నీ వచ్చి చేరే మన ర్యాకుల్లో నంబర్లుండవు, బంధుత్వాలుంటాయి. 17వ పోర్టు తీగ మీద ఇంకుపెన్నుతో "కొత్త మేనేజరుగారు" అని ఉంటుంది. ఆ కొత్త మేనేజరుగారు టెక్కలి బదిలీ అయ్యి ఆరేళ్ళయింది. ఆయన తర్వాత ఇద్దరు మారారు. ఇప్పుడున్నాయన బల్ల కిటికీ పక్కకు జరిపించుకుని, వైఫై అందట్లేదని రోజూ ఫిర్యాదు రాస్తున్నారు.