రైల్వే స్థలం బోర్డుగారికి

సికింద్రాబాద్‌లో పట్టాల పక్కన, తుమ్మచెట్ల మధ్య ఒంటికాలి మీద నిలబడిన శ్రీ బోర్డుగారికి, గోడ ఇవతలి పాత పరిచయస్థుడు నమస్కరించి వ్రాయునది.

"ఇది రైల్వే స్థలము. అతిక్రమించినవారు శిక్షింపబడుదురు." నేను మొదట కూడబలుక్కుని చదివిన పెద్ద మాట మీదే. ఎవరిచేత శిక్షింపబడుదురో చెప్పకుండానే ఒళ్లు జలదరింపజేయడం మీకే చెల్లింది. పెద్దయ్యాక తెలిసింది, మీ వెనుక 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ఉందని. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బంతి కోసం గోడ దూకిన ప్రతిసారీ ఇంత బరువు మోస్తున్నామని పాపం మాకేం తెలుసు!

ఈ మధ్య మీ గొంతు మెత్తబడింది. మౌలాలీ, చిలకలగూడ, మెట్టుగూడల్లో మీ అన్నదమ్ముల కాళ్ల కింది నేలకు రైలు భూముల అభివృద్ధి సంస్థ టెండర్లు పిలిచింది. కాలనీలైతే బేరం ఇదీ: బిల్డరు ఉద్యోగులకు కొత్త క్వార్టర్లు కట్టివ్వాలి, మిగిలిన స్థలంలో తన అపార్టుమెంట్లు లేపుకోవాలి. ఢిల్లీ అశోక్ విహార్‌లో 26 ఎకరాల పైచిలుకు 2020లో 1,359 కోట్లకు లీజుకు వెళ్లింది. వెయ్యి కట్టేవాడు అతిక్రమణదారుడు, 1,359 కోట్లు కట్టేవాడు డెవలపరు. వ్యాకరణం మీ దగ్గరే నేర్చుకున్నాను కానీ, ఈ సంధి మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో మీ బంధువులు పాత పద్ధతిలోనే ఉన్నారు. రైల్వే భూమి అన్నారు, వేల కుటుంబాలకు వారం రోజుల గడువన్నారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆపింది కాబట్టి ఆగారు. అక్కడివారు తప్పు చేశారు లెండి: టెండరు వేయకుండా కాపురం పెట్టారు.

ఇక కొనేవారి సంగతి. ఇరవయ్యో అంతస్తులో పాలు పొంగిస్తారు, గుమ్మానికి పసుపు రాస్తారు, నేల మాత్రం రైల్వేదే. లీజు 99 ఏళ్లు. రిజర్వేషన్ దొరికిందని మురిసిపోతారు గానీ, దిగాల్సిన స్టేషను టికెట్టు మీదే ఉంది. దిగేది మునిమనవడు కాబట్టి ఎవరికీ బెంగ లేదు.

మీ ఉద్యోగం పోతుందని మాత్రం దిగులు పడకండి. గేటు దగ్గర కుర్చీ వేసుకున్న కాపలాదారు పక్కన మీకు చోటు ఖాయం. రంగు మార్చి, "రైల్వే స్థలము" చెరిపి ఏ "గ్రీన్ వ్యాలీ" అనో రాస్తే చాలు. కింది వాక్యం అలాగే ఉండనివ్వవచ్చు.

ఇట్లు,
మీ గోడ దూకిన పాత నేరస్థుడు