పదేళ్ల గ్యారంటీ గల తెల్లపూతగారికి

నెల్లూరు,
కార్తీక మాసం, వాయుగుండం మూడవ రోజు.

మహారాజశ్రీ డాబా మీది వాటర్‌ప్రూఫ్ తెల్లపూతగారి సముఖానికి, అదే డాబా కింద కాపురముంటున్న గృహస్థు నమస్కరించి వ్రాసుకున్న విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ పైన తమరి కుశలం ఈ వానలో ఎక్కి చూడలేదు, కింద నా కుశలం బాగాలేదు కనుక ఈసారికి ఆ మాట వదిలేస్తున్నాను. తమరు వేంచేసిన ఇరవై లీటర్ల డబ్బా పక్కనే పీట వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ డబ్బా నడింట్లోకి ఎందుకు వచ్చిందో తమకు తెలియనిది కాదు.

నిన్న మధ్యాహ్నం రెండింటికి వస్తానన్న తమ తరఫు మనిషి అయిదున్నరకు వచ్చాడు. సెలవు పెట్టి కూర్చున్న ఆ మూడున్నర గంటల్లో నేను డబ్బాను రెండుసార్లు పారబోశాను. అతడు సెల్‌ఫోను లైటు పైకి వేసి, "ఇది స్లాబులోంచి కాదు సార్, గోడ చెమ్మ" అన్నాడు. గోడకు ఆరడుగుల దూరంలో, ఫ్యాను కొక్కెం పక్క నుంచి బొట్టుబొట్టుగా దిగుతున్న నీళ్లు అవి. కొక్కెం చూపించాను. అప్పుడు గ్యారంటీ కాగితం అడిగాడు. బీరువాలో ఇంటి దస్తావేజుల మధ్య దాచుకున్న కాగితం తెచ్చి ఇస్తే, దాన్ని వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఏడవ షరతు మీద వేలు పెట్టాడు: నీరు నిలిచే ఉపరితలాలకు ఈ గ్యారంటీ వర్తించదు.

పూతగారూ, ఈ ఒక్క వాక్యం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నీళ్లు నిలవని డాబాకు తమరితో నాకేం పని? ఎండు గడ్డకు గొడుగు పట్టించుకునే తెలివితక్కువవాణ్ని అనుకున్నారా? మన జిల్లాకు నైరుతి చుట్టపుచూపుగా వచ్చిపోతుందనీ, అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుందనీ తమరిని అమ్మినవారికి తెలియదా? డాబాకు నూరడుగులకు ఒక అడుగు చొప్పునైనా వాలు ఉండాలని నాకూ తెలుసు. మా డాబాకు అది లేదని పూయకముందే చెప్పి ఉంటే, ముందు తూము వైపు వాలు కట్టించుకునేవాణ్ని. పూత ఆరిన తరువాత రెండు రోజులు నీళ్లు కట్టి చూడమని అడిగాను కూడా. "నీళ్లు దండగ సార్, పైనున్న దేవుడే పరీక్ష పెడతాడు గదా" అని నవ్వాడు మేస్త్రి. దేవుడు పెట్టాడు.

తమరిలో మంచి లేదని అనను. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం డాబా మీద ఉత్త కాళ్లతో నడిచాను. ఆ చల్లదనానికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ని. అయితే అదే ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటుంటే దానితో పాటు సాగడం చేతకాక, పిట్టగోడ మొదట్లో వెంట్రుకంత పగులిచ్చారు. అక్కడ దూరిన నీరు తమరి కిందే చిక్కుకుని, కరెంటు పైపు వేసిన దారి వెంట నడిచి వచ్చి, కొక్కెం దగ్గర దిగుతోంది. మూడు రోజులుగా ఆ గది మెయిను ఆపేసి విసనకర్రతో బతుకుతున్నాం.

తమరి మీద కప్పమని కొన్న నీలం పట్టా సంగతి ఎత్తను. వాన ముందు ఒక ధర, వాన మొదలయ్యాక ఇంకొక ధర చెప్పి అమ్మారు. మొదటి గాలికే అది ఎదురింటి కొబ్బరిచెట్టు ఎక్కింది. "తేలికపాటి నుంచి మోస్తరు" అన్న వాతావరణ సూచనకూ ఒక దండం.

మా అమ్మ పుట్టిల్లు కావలి దగ్గర. ఇటుక జల్లిలో సున్నం కలిపి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసుకుంటూ, కూలీలు వరుసగా కూర్చుని రోజుల తరబడి దిమ్మిసలతో కొట్టిన మిద్దె అది. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గరే తీరం దాటిన రాత్రి, తాటాకు ఇళ్లవాళ్లంతా ఆ మిద్దె కిందే తలదాచుకున్నారట. నిన్న ఆ మనిషి వెళ్లిపోయాక అమ్మ ఒకటే అడిగింది: "దానికి గ్యారంటీ కాయితం ఎవరిచ్చారబ్బయా?"

ఇక మర్యాద చాలు. నీ పేరులో ఉన్న పని ఒక్కటే, అది నువ్వు చేయలేదు. రెండు కోటింగులకు రెండు నెలల జీతం మింగి, నీళ్లు వస్తే నాకు సంబంధం లేదంటావా? 2021 వరదలో పడుగుపాడు దగ్గర కొట్టుకుపోయిన రైలుకట్టనైనా మళ్లీ వేసి రైళ్లు నడిపారు; ఒక్క పగులు పూడ్చడానికి నీ మనిషి "సంక్రాంతి పోనీండి సార్, అంతా ఆరాక చూద్దాం" అంటాడా? ఆరాక కారదురా నాయనా!

నిన్ను పోసి పంపిన ఆ ప్లాస్టిక్ డబ్బా మాత్రం మూడు రోజులుగా నిండా నీళ్లు మోస్తూ ఒక్క చుక్క కార్చలేదు. దానికి గ్యారంటీ కాగితమే లేదు. అంచు దాకా వచ్చింది, పారబోసి రావాలి. ఉంటాను.