డిసెంబర్లో మొక్క నాటడానికి కాదు, మే నెలలో నీళ్ళు పోయడానికి రండి

సెప్టెంబర్ వచ్చిందంటే అమెరికా, యూరప్ నుంచి ఇదే ప్రశ్న. "క్రిస్మస్ సెలవులకు ఇండియా వస్తున్నాం. పుదుచ్చేరి పక్కన ఆరోవిల్ దగ్గర రెండు వారాలు అడవి పనిలో సేవ చేద్దామనుకుంటున్నాం. ఎన్ని మొక్కలు నాటగలం?" అడిగేవాళ్ళు మంచి మనసుతోనే అడుగుతారు. కొందరిది శ్రీ అరవిందుల మీద నమ్మకం, కొందరిది క్రీస్తు మీద, కొందరికి భూమే తల్లి. అందరికీ నా జవాబు ఒకటే. డిసెంబర్ చివర్లో ఒక్క మొక్క కూడా నాటొద్దు.

ఆ తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఏడాదికి కురిసేది సుమారు 1,200 నుంచి 1,300 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడిపోతుంది. జనవరి నుంచి జూన్ దాకా దాదాపు ఏమీ ఉండదు. క్రిస్మస్‌కు నాటిన మొక్క వేరు దిగేలోపే నేల ఎండటం మొదలవుతుంది. ఏప్రిల్‌కి కర్రపుల్ల మిగులుతుంది, పక్కన పేరు రాసిన చెక్క ముక్క మిగులుతుంది. నాటే అదను అక్టోబర్లో రెండో పెద్ద వాన తర్వాత వస్తుంది. గడ్డపారతో ఒక పోటు పొడిచి చూడాలి. జానెడు లోతు వరకు మట్టి తడిగా ఉండి, పిడికిట్లో నొక్కితే ముద్ద కడితే నాటొచ్చు. పైన తడి, కింద పొడి ఉంటే ఇంకో వాన దాకా ఆగాలి. నవంబర్ సగానికల్లా నాట్లు అయిపోవాలి.

అక్కడి సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. అన్ని దేశాలవాళ్ళూ కలిసి బతకాలని కట్టుకున్న ఊరు ఆరోవిల్. 1968 ఫిబ్రవరి 28న అది మొదలైనప్పుడు 124 దేశాల యువతీయువకులు తలా పిడికెడు మట్టి తెచ్చి తామర మొగ్గ ఆకారంలోని పాత్రలో పోశారు. అప్పటికి అక్కడ అడవి లేదు. ఒక మర్రిచెట్టు, కొన్ని తాటిచెట్లు, మిగతాదంతా ఎర్రటి లేటరైట్ గుట్ట. పెద్ద వాన పడితే పైమట్టి వాగుల్లో కొట్టుకుపోయి బంగాళాఖాతం ఎర్రబడేది. ఆ నేల మీద గుడిసెలు వేసుకుని, కుండలతో నీళ్ళు మోసి చెట్లు పెంచినవాళ్ళలో చాలామంది ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా, హాలెండ్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు. ఆరోవిల్‌ని స్థాపించిన, మదర్ అని అందరూ పిలిచే మిర్రా అల్ఫాస్సా దాన్ని మతంగా చూడొద్దన్నారు. కానీ విశ్వాసం లేనివాడు ఆ ఎండలో రెండో ఏడాది ఉండడు. వాళ్ళు ఉండిపోయారు కాబట్టే ఇవాళ అక్కడ నీడ ఉంది. ఈ రెండు వారాల సేవల మీద నాకు ఉన్న బాధ కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో విశ్వాసం గురించి ఎవరూ మాట్లాడరు. ఈ తీరపు సొంత అడవిని ఉష్ణమండల శుష్క సతతహరిత అరణ్యం అంటారు. పేరు పెద్దది, చెట్లు పొట్టివి. చాలావరకు 10, 12 మీటర్లు దాటవు. ఆకు చిన్నగా, మందంగా, తోలులా ఉంటుంది. ఆరు నెలలు వాన లేకపోయినా పచ్చగానే నిలబడుతుంది. ఆ అడవిని నరికి పొలాలు చేసుకున్నాక, విత్తనానికైనా మిగిలింది ఎక్కువగా గ్రామ దేవతల వనాల్లోనే. పుదుచ్చేరికి ఉత్తరాన పుత్తుపట్టులో అయ్యనార్ కోవెల చుట్టూ ఉన్న వనం అలాంటిదే. దేవుడి వనంలో పుల్ల విరిస్తే కళ్ళు పోతాయన్న భయమే ఆ తల్లిచెట్లను కాపాడింది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు నాటే మొక్కకు విత్తనం ఇచ్చింది ఊరివాళ్ళ భక్తి. పనిలో దిగే ముందు ఆ వనం దగ్గర చెప్పులు విప్పి ఒక గంట కూర్చోండి. ఏ చెట్టు కింద ఏ మొక్క మొలుస్తుందో చూస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

ఈ చెట్ల పేర్లు మనకు కొత్త కాదు. పాల, అల్లి, నేరేడు, బలుసు, వాక, ముష్టి, రేల, మురికినీళ్ళు తేటపరిచే చిల్ల. పాల మొక్కనైతే కడియం నర్సరీ రైతులు రోజూ చూస్తారు, సపోటా అంటు కట్టేది దాని మీదే. అడవిలో రాజులా నిలబడాల్సిన చెట్టును మనం సపోటాకు కాళ్ళుగా మాత్రమే వాడుకుంటున్నాం. అదే అడవి మన నెల్లూరు తీరానిది కూడా. రాకెట్ కేంద్రం కంచె పుణ్యమా అని శ్రీహరికోట దీవిలో ఇంకా నిలిచి ఉంది. ఆ దీవిని తరతరాలుగా ఎరిగినవాళ్ళు యానాదులు. కంచె బయట మాత్రం సర్వి (సరుగుడు) తోటలు, జామాయిల్, సర్కారు తుమ్మ.

ఇక పని దగ్గరికి వద్దాం. మొదటి పని మొక్క కాదు, నీళ్ళు. వాలు నేలలో గట్టు వేయకుండా నాటితే వాన మీ మొక్కను, దాని చుట్టూ ఉన్న మట్టిని కలిపి తీసుకుపోతుంది. మేస్త్రీలు వాడే ట్యూబు లెవెల్ చాలు. నీళ్ళు నింపిన పారదర్శక గొట్టం రెండు చివరలూ రెండు కర్రలకు కట్టి, రెండు వైపులా నీటి మట్టం ఒకే ఎత్తులో నిలిచిన చోట్ల మేకులు దిగ్గొట్టుకుంటూ పోవాలి. ఆ గీత వెంట అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం తవ్వి, మట్టిని పల్లం వైపే వేయాలి. కందకానికీ గట్టుకూ మధ్య అడుగు ఖాళీ వదలాలి, లేకపోతే వేసిన మట్టి మళ్ళీ కందకంలోకే జారుతుంది. ఇలాంటి కందకం 10 మీటర్లు ఉంటే ఒక నిండుకు 2,500 లీటర్లు నేలలోకి ఇంకుతాయి.

ఎక్కువమంది తప్పు చేసేది అలుగు దగ్గర, అంటే మిగులు నీళ్ళు పొర్లిపోయే దారి దగ్గర. గట్టు చివరంటా ఎత్తుగా కట్టేసి ఎంత బాగా కట్టామో అనుకుంటారు. తుపాను రోజు నీళ్ళకు దారి లేక గట్టును ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెంచుకుంటాయి. పై గట్టు తెగితే ఆ నీళ్ళన్నీ కింది గట్టు మీద పడి దాన్నీ తెంచుతాయి. పదిహేను రోజుల కష్టం ఒక రాత్రిలో పోవడమే కాదు, ఇంతకుముందు లేని వాగు ఒకటి మీరే తవ్వినట్టవుతుంది. గట్టు కంటే జానెడు తక్కువ ఎత్తులో, రాళ్ళు పరిచిన అలుగు ఒకటి ఉండి తీరాలి. మన చెరువుకు ఉన్న నియమమే దీనికీ.

గుంత ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయండి. గుంత నిండా నీళ్ళు పోసి, మర్నాటికీ నిలిచే ఉంటే అడుగున రాతిపొర ఉన్నట్టే. గడ్డపారతో దాన్ని పగలగొట్టాలి, లేదా చోటు మార్చాలి. పాలిథిన్ కవరు పూర్తిగా తీసేయండి, అడుగు మాత్రమే కోసి దించకండి. కవరు అడుగున వేరు చుట్ట చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తిరించాలి. ఆ చుట్టతోనే నాటితే చెట్టు మూడేళ్ళు బాగానే పెరిగి తర్వాత గాలికి ఊగి పడిపోతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. పైమట్టిలో తట్టెడు మాగిన కంపోస్టు కలిపి ముందు అదే వేయాలి. కాండం మొదలు నేల మట్టానికి సరిగ్గా రావాలి, లోతుగా పాతిపెట్టకూడదు. పైన నాలుగు అంగుళాల మందం ఎండుటాకులు పరచండి, కాండానికి మాత్రం రెండు అంగుళాలు దూరంగా. ఆకులు కాండానికి తగిలితే చెదలు బెరడు దాకా ఎక్కుతాయి.

అక్కడి తొలితరం ఒక పొరపాటు కూడా చేసింది, దాని నుంచి నేర్చుకుంది. మొదట్లో నీడ కోసం ఆస్ట్రేలియా తుమ్మ వేశారు. త్వరగా పెరిగింది, నేలకు నత్రజని ఇచ్చింది, దాని కింద సొంత మొక్కలు తలెత్తాయి. కానీ దాని వేళ్ళు పైపైనే ఉంటాయి, విత్తనం చెప్పకుండా పాకుతుంది. 2011 డిసెంబర్ 30న థానే తుపాను తీరం దాటినప్పుడు అవి పెద్ద సంఖ్యలో కూలాయి. నీడ పని అయిపోగానే వాటిని కొంచెం కొంచెంగా తీసేసి, సందుల్లో పాల, అల్లి దించాలని ఇప్పుడు అడవి పనివాళ్ళందరికీ తెలుసు. కానీ వాలంటీర్ల చేత చెట్టు కొట్టిస్తామంటే ముఖాలు మాడిపోతాయి. పరాయి చెట్టును తీయడం కూడా అడవి పెంచడమే. దీన్ని ముందే మనసుకు చెప్పుకుని రావాలి.

అసలు పరీక్ష మార్చి నుంచి. మొదటి రెండు ఎండాకాలాలు మొక్కకు వారానికి 10 లీటర్లు కావాలి. వెయ్యి మొక్కలంటే వారానికి 10,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. మూడున్నర నెలలకు పదిహేను వారాలు వేసుకుంటే ముప్పై ట్యాంకర్లు. వాలంటీర్ బృందం "మేం వెయ్యి మొక్కలు నాటాం" అని ఫోటో పెట్టినప్పుడు నేను అడిగేది ఆ ముప్పై ట్యాంకర్ల గురించి. ఎవరు తోలుతారు? డబ్బు ఎవరిది? కంప కంచె దాటి వచ్చే మేకలను ఎవరు తోలతారు? వీటికి జవాబు లేకపోతే వెయ్యి వద్దు, యాభై నాటండి.

ఉచితంగా చేస్తున్నాం కదా అని ఊరి కూలీల పని లాక్కోవద్దు. ఆ ఎర్ర కంకర నేలలో కొత్తవాళ్ళు పొద్దుటి పూట అరడజను గుంతలు తీస్తే గొప్ప. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అంతకు రెండింతలు తీస్తారు, ఏ గుంతలో ఏ మొక్క బతుకుతుందో కూడా వాళ్ళే చెప్తారు. మీ విమానం టికెట్ ఖర్చులో సగం వాళ్ళ ఎండాకాలపు కూలికి ఇస్తే ఆ అడవికి మీరు చేసిన మేలు రెట్టింపవుతుంది.

విదేశీయుల సేవ దండగ అని నేను అనడం లేదు. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన అవిరామ్, యోరిట్ రోజిన్ దంపతులు 2003లో ఆరోవిల్ అంచున సాధనా ఫారెస్ట్ మొదలుపెట్టి అక్కడే ఉండి పనిచేశారు. గట్టు, కందకం, సొంత చెట్టు అన్న అదే పద్ధతి 2010లో హైతీకి, 2014లో కెన్యాకు వెళ్ళింది. నిలబడి చేసినవాళ్ళ చేతుల్లో ఇది పండుతుంది.

మన తీరం మాటేమిటంటే, నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో గుడి కమిటీలు, చర్చి సంఘాలు ఇప్పటికీ జూలైలో వనమహోత్సవం అని నాటేస్తున్నాయి. ఆ వైపు అసలు వాన అక్టోబర్లో కదా! జూలైలో నాటినవి మూడు నెలలు ఎండలో మాడతాయి. తేదీ మారిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

డిసెంబర్లోనే రాగలను అంటారా, అప్పుడూ పని ఉంది. వానలకు తెగిన గట్లు సరిచేయడం, అలుగులు చూడటం, ఆకులు పరచడం. వీసా ఏ పనికి ఒప్పుకుంటుందో ముందే తేల్చుకోండి. కానీ వీలైతే ఏప్రిల్ చివర్లో వచ్చి ఆరు వారాలు ఉండండి. పొద్దున్నే ఐదున్నరకు బిందెలు ఎత్తి తొమ్మిదికల్లా ముగించాలి, మధ్యాహ్నం నీడ వదలకూడదు. మీరు తిరిగి వెళ్ళే జూన్ నాటికి నేరేడు రాలడం మొదలవుతుంది. పండు తిని గింజ ఎండలో ఆరబెట్టొద్దు, రెండు వారాలు దాటితే మొలవడం కష్టం. గుజ్జు కడిగి, ఏ చెట్టు కింద ఏరారో కవరు మీద రాసి, ఆ సాయంత్రమే నర్సరీలో ఇచ్చేయండి. ఒకే చెట్టు కింద కాదు, ఇరవై చెట్ల కింద ఏరండి.