కొండను కొండలాగే వదిలేసిన దేశం

రోహిణి కార్తెలో బెజవాడ వదిలి పారిపోగలిగినవాళ్ళందరూ పారిపోతారు. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు మరీ ముందు పారిపోతారు. పటమటలో మా పై ఫ్లాటు బాబాయిగారు, పిన్నిగారు అలాగే డెన్వర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళారు. అక్కడ రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు చూసి వచ్చారు. వాళ్ళు చెప్పిన విషయాలు విన్నాక, కొండల అభివృద్ధిలో అపారమైన అనుభవం ఉన్న నగరానికి చెందిన పౌరుడిగా మౌనంగా ఉండటం ధర్మం కాదనిపించింది.

ఆ కొండల్ని 1915లో నేషనల్ పార్కుగా ప్రకటించారట. నూరేళ్ళు దాటిపోయాయి. ఇన్నేళ్ళలో అక్కడ జరిగిన పనులేమిటయ్యా అంటే కొన్ని రోడ్లు, కొన్ని పార్కు ఆఫీసులు, గుడారాలు వేసుకోవడానికి చోట్లు. ఒక్క కల్యాణ మండపం లేదు. కొండ వాలున ఒక్క రేకుల షెడ్డు వెలవలేదు, దానికి కరెంటు మీటరు రాలేదు, ఇంటి పన్ను పడలేదు, పట్టా ఇస్తామని ఎన్నికలకు ముందు ఎవరూ హామీ ఇవ్వలేదు. అంత పెద్ద దేశంలో చొరవ ఉన్న మనిషే లేకుండా పోయాడు.

పైగా ఆ శూన్యం చూడటానికి టైము స్లాటు! మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్యదాకా, పగటి రద్దీ వేళల్లో, ముందుగా బుక్ చేసుకున్నవాళ్ళనే వాళ్ళ స్లాటు వేళకి లోపలికి వదులుతారు. నెల ఒకటో తారీఖున అక్కడ పొద్దున్న ఎనిమిదింటికి, అంటే మనకి సాయంత్రం ఏడున్నరకి, ఆ స్లాట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు. తిరుమల మూడొందల రూపాయల టికెట్ల మీద వేళ్ళు అరగదీసుకున్న మనిషికి ఇదో లెక్కా? బాబాయిగారు ప్రయాణానికి ముందే, కొడుకు అక్కడ పళ్ళు తోముకునేలోగా, ఇక్కడ సోఫాలో కూర్చుని జూన్ స్లాటు కొట్టేశారు. "ఎమ్మెల్యే లెటరు ఉంటే స్లాటు అక్కర్లేదేమో కనుక్కోరా" అని కూడా అడిగారట. కనుక్కోలేదని కొడుకు మీద ఇప్పటికీ చిన్న కినుక. ఇక 2026 నుంచి విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్ళ దగ్గర మనిషికి వంద డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. ఏమీ కట్టని చోట అంత వసూలు చేయగలగడం మాత్రం మనవాళ్ళు నేర్చుకోదగ్గ విద్యే.

సరే, లోపలికి వెళ్ళాక వేసవి మొదట్లో సందర్శకుడు చేయదగిన పనులేమిటి? ఇక్కడే అసలు అన్యాయం బయటపడుతుంది. ఆ పనులన్నీ చేయకుండా ఉండవలసిన పనులే.

షీప్ లేక్స్ అని ఒక చోటు ఉంది. చలికాలం వెళ్ళాక, మే నుంచి ఆగస్టు దాకా, మెలి తిరిగిన కొమ్ముల బిగ్‌హార్న్ గొర్రెలు కొండ దిగి అక్కడికి వస్తాయి. దేనికీ అంటే మట్టి నాకడానికి. ఆ మట్టిలో వాటికి కావలసిన ఖనిజాలున్నాయట. అవి రోడ్డు దాటే వేళకి రేంజర్లు, అంటే పార్కు కాపలా సిబ్బంది, వచ్చి రెండు వైపులా ట్రాఫిక్ ఆపేస్తారు. బాబాయిగారు ముందు కాన్వాయ్ అనుకుని అలవాటుగా బెల్టు సర్దుకుని నిలబడ్డారట. గొర్రెలు వచ్చాయి. తొందరేమీ లేదు వాటికి. దిగి, మట్టి నాకి, ఒకదాన్నొకటి తోసుకుని, మళ్ళీ పైకి పోయాయి. అంతసేపూ ఒక్కడు హారన్ కొట్టలేదు. ఒక్కడు సందులోంచి బైకు పోనివ్వలేదు. బెంజ్ సర్కిల్‌లో అంబులెన్సుకి కూడా దక్కని ఆ భాగ్యం గొర్రెలకి దక్కింది.

ఈలోగా పిన్నిగారు హ్యాండ్‌బ్యాగులోంచి చేగోడీల పొట్లం విప్పి, ఒకటి చేత్తో పట్టుకుని కారు అద్దం దింపబోయారు. కోడలు చెయ్యి పట్టేసుకుంది.

"అత్తయ్యా, వద్దండీ. ఫైన్ వేస్తారు."

"పాపం, మట్టి నాకుతున్నాయే! ఒక్కటి పెడితే ఏమవుతుందీ?"

"వాటికి ఏదీ పెట్టకూడదండీ."

నోరు లేని జీవానికి చేగోడీ పెట్టడం నేరమైన దేశంలో దానధర్మాలు ఎలా నిలుస్తాయో నాకు తెలియదు. మన కొండల మీద కోతులు కొబ్బరి చిప్పలతో మొదలుపెట్టి బిస్కెట్లకి, అక్కడినుంచి కూల్‌డ్రింకు సీసాలకి ఎదిగాయి. మూత తిప్పి తాగుతాయి. అమెరికాలో ఏ జంతువుకైనా ఆ చదువు ఉందా?

ఇక దూరం సంగతి. ఎల్క్ అనే పెద్ద దుప్పికి, ఆ గొర్రెలకి 75 అడుగులు, మూస్ అనే ఇంకా పెద్ద దుప్పికి, ఎలుగుబంటికి 120 అడుగులు ఎడం పాటించాలి. మే నెలాఖరు, జూన్‌లలో ఆడ ఎల్క్‌లు ఈనుతాయి కాబట్టి తల్లి మీదికొచ్చి తన్నే ప్రమాదం కూడా ఉంది. జంతువుకి అడుగులు కొలిచి ఇచ్చారు గానీ, ఇంటికీ కొండకీ మధ్య ఎంత ఎడం ఉండాలో వాళ్ళ కాగితంలో లేదు. కొండని తొలిచి దాని పక్కలోనే గోడ లేపుకునే ఆలోచన వాళ్ళకి తట్టి ఉండదు. మనకి తట్టింది. 2024 ఆగస్టు 31న, వానలకి మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది. మనుషులు పోయారు. పరిహారం ప్రకటించారు. ఎడం సంగతి ఎవరూ ప్రకటించలేదు.

రోడ్డు గురించి బాబాయిగారు గంటసేపు చెప్పారు, నేను నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. ట్రైల్ రిడ్జ్ రోడ్డు, 1932లో తెరిచారు, గరిష్ఠంగా 12,183 అడుగుల ఎత్తుకి వెళుతుంది. అక్టోబరులో మూసేస్తారు, ఏప్రిల్‌లో మంచు తవ్వడం మొదలుపెట్టి మామూలుగా మే నెలాఖరుకి తెరుస్తారు. ప్రతి ఏడూ ఇదే. ప్రతి ఏడూ తెరుస్తారు గానీ ప్రతి ఏడూ శిలాఫలకం వేయరు. చేజేతులా ఎన్ని రిబ్బన్లు పోగొట్టుకుంటున్నారో!

ఆ ఎత్తులో చెట్టు మొలవదు. నేలకి కరుచుకుని బుల్లి బుల్లి మొక్కలుంటాయి. వాటిలో కొన్ని అరచేయంత కావడానికే ఏళ్ళూ పూళ్ళూ పడుతుందట, కాలు వేస్తే పోయాయే అన్నమాట. అందుకని బాట దిగొద్దంటారు. నీలం పూలు కనిపిస్తే పిన్నిగారు ప్రాణం లాగేసి వంగబోయారు. కోయకూడదన్నారు. పూజకండీ అన్నారు. పూజకైనా కోయకూడదన్నారు. ఎల్క్‌కి రాలిపోయిన కొమ్ము ఏరుకోకూడదు. రాయి కూడా తీసుకోకూడదు. ఈ చివరి నియమం విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. కొండపల్లి వైపు రాత్రిపూట గ్రావెల్ తోలి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు ఉన్నారు మన దగ్గర. ఆ పిల్లల్లో కొందరు అదే అమెరికాలో ఉన్నారు కూడా. అదే కొండపల్లిలో బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర దొరకడం లేదని కళాకారులు మొత్తుకుంటున్నారంటారా? ప్లాస్టిక్ బొమ్మలున్నాయిగా.

మధ్యాహ్నం పిడుగులు పడతాయి కాబట్టి ఆలోగా పై ఎత్తుల నుంచి దిగిపొమ్మంటారు. ఈ ఒక్క నియమం మనకి కొత్త కాదు. మేలో బెజవాడవాడు పదకొండు దాటితే గడప దాటడు.

విమర్శించి ఊరుకోవడం తేలిక. కాబట్టి నిర్మాణాత్మకమైన సూచనలు కొన్ని. కొండని ఖాళీగా ఉంచకూడదని మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఉండవల్లిలో పదిహేను వందల ఏళ్ళ కిందటే ఒక్క కొండలో నాలుగు అంతస్తులు తొలిచారు, అదీ లిఫ్టు లేకుండా. 1968 నాటికి గాంధీ కొండ మీద స్తూపం లేచింది, ఆ తర్వాత పిల్లల రైలు వచ్చింది. ఈ వారసత్వంతో చెబుతున్నాను: షీప్ లేక్స్ దగ్గర ముందుగా మిర్చి బజ్జీ బండ్లకి వేలం పాట పెట్టాలి. గొర్రెలు మట్టి నాకే అవస్థ ఆ సాయంత్రంతో తీరిపోతుంది. చెట్లు మొలవని చోటు ఎలాగూ చదునుగా, ఖాళీగా ఉంది, పార్కింగుకి దేవుడిచ్చిన స్థలం. మొక్కల మీద కాలు వేయకూడదన్నారు, టైల్స్ వేస్తే సరిపోతుంది. మంచు కరిగినచోట 'ఐ లవ్ రాకీ' అని ఎర్ర అక్షరాలు, వాటి పక్కన సెల్ఫీ పాయింటు, శుక్రవారం నుంచి ఆదివారం దాకా మైకు. ఇన్ని మైళ్ళ నిశ్శబ్దం మనిషి ఆరోగ్యానికి మంచిది కాదు. మొదటి రాత్రి హోరు వినబడక బాబాయిగారికి నిద్రే పట్టలేదట.

బాబాయిగారి మనవడు అక్కడ పుస్తకమేదో పూర్తి చేసి, చెయ్యెత్తి ప్రమాణం చేసి, జూనియర్ రేంజర్ బ్యాడ్జీ తెచ్చుకున్నాడు. అడవిని కాపాడతానని ప్రమాణమట. ఏడేళ్ళ పిల్లాడి చేత అలాంటి మాట ఇప్పించడం భావ్యమేనా? పెద్దయ్యాక రియల్ ఎస్టేటులోకి రావాలనుకుంటే ఏం చేస్తాడు?

అన్నిటికన్నా ముఖ్యమైన సూచన మెట్ల గురించి. ఆ పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన లాంగ్స్ పీక్ 14,259 అడుగులు. ఎక్కేవాళ్ళు రాళ్ళు పట్టుకుని పాకుతూ ఎక్కుతారట, నామోషీ. అడుగు నుంచి శిఖరం దాకా సిమెంటు మెట్లు కట్టించి, మెట్టుకొక దాత చొప్పున పేరు చెక్కిస్తే ఖర్చంతా మన జిల్లాల్లోనే వసూలవుతుంది. మొదటి మెట్టు మా నాన్నగారి జ్ఞాపకార్థం రాసుకోండి. తెల్ల పాలరాయి, నల్ల అక్షరాలు, ఇంటిపేరు పూర్తిగా ఉండాలి. చెక్కు రాసి పెట్టాను, ఎవరి పేరున ఇవ్వాలో పార్కు వారు తెలియజేస్తే చాలు.