ఒంటిచెప్పుతో టెస్టు మ్యాచి

(ఆదివారం ఉదయం. విశ్రాంత తెలుగు అధ్యాపకులు అవధానిగారు పడకకుర్చీలో కూర్చొని, ఇంటికి వచ్చిన అప్పులవాణ్ణి చూసినట్టు టీవీని చూస్తున్నారు. ఆయన భార్య సుందరమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో భారత్, ఆస్ట్రేలియాల మధ్య జరిగిన క్రికెట్ టెస్టును మళ్ళీ చూస్తున్నది. పొయ్యిమీద కుక్కరులో పప్పు ఉన్నది.)

అవధాని: ఎప్పుడో తేలిపోయిన ఆటను ఇన్నిసార్లు చూడడంలో నీకు కలిగే ఆనందమేమిటో నాకు బోధపడదు.

సుందరమ్మ: ఒకే ప్రబంధాన్ని మీరు ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పారు. కథ ఎలా ముగుస్తుందో మొదటి ఏడే తెలిసిపోలేదా అండీ?

అవధాని: ప్రబంధంలో వర్ణన ఉంటుంది. ఇక్కడ ఒకడు విసురుతాడు, ఇంకొకడు ఊరుకుంటాడు, ఊరుకున్నందుకు జనం చప్పట్లు కొడతారు. పైగా ఈ ఆటమీద నాకు పాత కక్ష ఉన్నది. ఆ మార్చి 14న కళాశాల నుంచి ఆకలితో వచ్చి, గుమ్మంలో ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతుండగా నువ్వు “కదలకండి!” అని వేసిన కేకకు, ఇంట్లో పాము దూరిందేమోనని నేను కొయ్యబారిపోయాను.

సుందరమ్మ: మీరు గుమ్మం తొక్కగానే లక్ష్మణ్ ఫోరు కొట్టాడు. అటువంటి పాదాన్ని కదలనిస్తానా?

అవధాని: ముప్పావుగంట నిలబెట్టావు. నువ్వేదో శిక్ష వేశావనుకొని ఎదురింటాయన నన్ను చూసి జాలిపడ్డాడు.

సుందరమ్మ: ఫలం దక్కింది కదండీ! ఆ రోజంతా ఒక్క వికెట్టూ పడలేదు. లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆడి, జట్టు స్కోరును 335 పరుగులు పెంచారు.

అవధాని: సరే, ఇందాకటి నుంచి ఫాలో ఆన్ అంటున్నారు. ఎవరు ఎవరి వెంట నడుస్తున్నారు?

సుందరమ్మ: ఆస్ట్రేలియా 445 కొడితే మనవాళ్ళు 171కే కూలిపోయారు. ఐదు రోజుల ఆటలో తేడా 200 పరుగులైనా ఉంటే, వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దిగమని అవతలి కెప్టెన్ మనల్ని ఆదేశించవచ్చు. స్టీవ్ వా ఆ పనే చేశాడు.

అవధాని: అంటే పరీక్ష తప్పినవాణ్ణి, వేలికంటిన సిరా ఆరకముందే సప్లిమెంటరీకి కూర్చోబెట్టడమన్నమాట. ముప్ఫయ్యేళ్ళు పేపర్లు దిద్దినవాడిగా చెబుతున్నాను, అది పొరపాటు. ఆ పంతంలోనే కుర్రవాడు రాసేస్తాడు.

సుందరమ్మ: రాశాడు! మొదటిసారి ఆరోవాడిగా వచ్చి 59 కొట్టిన లక్ష్మణ్‌ను ఈసారి మూడోవాడిగా పంపితే 281 కొట్టాడు. (పళ్ళెం ముందుకు జరిపి) ఇది పిచ్ అనుకోండి. ఈ చిక్కుడుగింజ పడిన చోట బౌలర్ల బూట్లు తొక్కితొక్కి నేల గరుకెక్కింది. షేన్ వార్న్ బంతి అక్కడ పడి గిర్రున తిరుగుతుంది. ఇంకెవరైనా అయితే కాలు అడ్డం పెట్టి బతికిపోదామనుకుంటారు. ఇతను ముందుకు వచ్చి ఒకదాన్ని కవర్ వైపు కొడతాడు, సరిగ్గా అలాంటిదాన్నే మిడ్‌వికెట్ వైపు కొడతాడు. అదిగో, చూడండి!

అవధాని: (కుర్చీ అంచుకు జరిగి) ఉండుండు. ఒకే చోట పడి, ఒకే విధంగా తిరిగిన బంతికి రెండు దిక్కులా?

సుందరమ్మ: అంతా మణికట్టులో ఉన్నదండీ. అజహరుద్దీన్ నాటినుంచీ హైదరాబాదువారికి అది వెన్నతో పెట్టిన విద్య.

అవధాని: మణికట్టు కాదే వెర్రిదానా, అది శ్లేష! పదాన్ని చివరిదాకా పట్టి ఉంచి, ఏ అర్థం కావాలంటే ఆ అర్థంవైపు తిప్పుతున్నాడు. ఈ ముక్క ఆనాడే చెప్పి ఉంటే, సాయంత్రం దాకా ఆ ఒంటిచెప్పుతోనే నిలబడి ఉండేవాణ్ణి కదా!

సుందరమ్మ: మనవాళ్ళు 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేస్తే, హర్భజన్ ఆరుగురిని పడగొట్టాడు. వరసగా 16 టెస్టులు గెలిచి ఉన్న జట్టు 171 పరుగుల తేడాతో ఓడింది.

అవధాని: 171కి కూలినవారు 171తోనే గెలిచారా? యతి కూడా కుదిరిందే!

(కుక్కరు నాలుగో కూత వేసింది. సుందరమ్మ లేవబోయింది.)

అవధాని: కదలకు! ద్రావిడ్ సెంచరీకి దగ్గరపడ్డాడు.

సుందరమ్మ: అది ఎప్పుడో అయిపోయిన ఆటండీ! అతను 180 కొడతాడు.

అవధాని: నువ్వు కూర్చుని ఉన్నప్పుడు కొట్టాడు. లేస్తే కొడతాడని పూచీ ఏమిటి?

సుందరమ్మ: పప్పు మాడుతున్నదండీ!

(దినపత్రిక కోసం వచ్చిన ఎదురింటాయన గుమ్మంలో ఒక చెప్పు విప్పాడు. తెరమీద బంతి బౌండరీ దాటింది.)

అవధాని: అయ్యా, తమరు దయచేసి ఆ రెండో చెప్పు విప్పకండి!