బొమ్మల యంత్రం గారికి, ఆరో వేలి విషయమై

శ్రీయుత బొమ్మల యంత్రం గారి దివ్య సముఖానికి,

మాట చెబితే చాలు బొమ్మ వేసిచ్చే కృత్రిమ మేధ (ఏఐ) తమరు. నిన్న మధ్యాహ్నమంతా తమరి సేవలోనే గడిచిపోయింది. ముఖచిత్రం నా చేతనే వేయిస్తానని మాట ఇచ్చిన ప్రచురణకర్త, తీరా తమరు వేసిన బొమ్మ పంపి, "అంతా బాగానే వచ్చింది, చేతులొక్కటే కాస్త సరిచేసి పెట్టండి" అన్నారు.

ముసలావిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. ముఖంలో ముడతలు, వాటి మీద పడిన వెలుగు భేషుగ్గా ఉన్నాయి, కాదనను. కుడిచేతికి మాత్రం ఆరు వేళ్లు. దారం సూది బెజ్జాన్ని వదిలేసి బొటనవేలిలోంచి బయటికి వచ్చింది. వేలు తీసేస్తే అరచేయి చేటంత మిగిలింది. దాన్ని తగ్గిస్తే మణికట్టు అతకలేదు. మణికట్టు తిప్పబోతే అసలు మోచేయి ఎక్కడుందో తమరికే తెలియదని తేలింది. పైగా దారం ఎక్కించే మనిషి కళ్లు చికిలించి, ఊపిరి బిగబట్టి సూదినే చూస్తుంది కదా! తమరి ముసలావిడ ఫొటో తీయించుకుంటున్నట్టు నవ్వుతోంది. చివరికి మనిషినంతా మళ్లీ గీశాను. డబ్బు మాత్రం వేళ్లకే.

కళను అందరికీ అందుబాటులోకి తెచ్చారట, సంతోషం. చేయి కదపలేనివారికి తమరు ఆసరా అయితే అది నిజంగా మేలే. మరి మా బొమ్మలు తీసుకునే ముందు ఒక్క మాట అడిగారా? తమలాంటి యంత్రాలకు బొమ్మలు నేర్పేందుకు 2022లో వచ్చిన లయాన్-5బి అనే ఒక్క సంకలనంలోనే దాదాపు 585 కోట్ల బొమ్మల లంకెలున్నాయి. అదే ఏడాది అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో తమరి వంశంవారి బొమ్మకు మొదటి బహుమతి కూడా వచ్చింది, అభినందనలు. మనిషి చేయి పడని బొమ్మకు కాపీరైట్ లేదని 2023లో అమెరికా కోర్టు చెప్పింది. పడాల్సిన ఆ చేయి ఎవరిదో, కూలి ఎంతో నాకు నిన్న తెలిసింది.

అదంతా మింగేయగలను. కింది మూలలో ఆ గీతలేమిటి? ఎంత పెద్దది చేసి చూసినా ఒక్క అక్షరమూ తేలని సంతకం! ఎందరు పేర్లు రాసుకున్న చోటో అది. నువ్వు దాన్ని కూడా బొమ్మలో భాగమనుకుని అలికేశావు. సిగ్గు లేదూ?

ఆ గీతలు అందంగా ఉన్నాయట, ఉంచమన్నారు ప్రచురణకర్త. నా పేరు వేయడానికి మాత్రం చోటు లేదట. ఎవరికీ చెప్పకుండా చెరిపేశాను.

ఇట్లు,
వేళ్లు దిద్దే మనిషి