ఊడుపుల చేలు కిటికీ బయటే ఉన్నాయి

ఈమధ్య కోనసీమలో ఒక బడికి వెళ్లాను, పిల్లలు ‘శ్రమ విలువ’ మీద రాత పత్రిక వేశారంటే చూద్దామని. చార్టు చుట్టూ రంగుల అంచు, నడుమ ‘శ్రమయేవ జయతే’, కింద పుస్తకంలోంచి ఎత్తి రాసిన పేరాలు. రాత ముత్యాల్లా ఉంది. కానీ కిటికీలోంచి చూస్తే ఎదురుగా చేలో ఆడవాళ్లు పొద్దుటి నుంచీ వంగి వరినారు ఊడుస్తున్నారు, అందులో ఆ పిల్లల అమ్మలు కూడా ఉన్నారు, వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. బాధేసింది.

తప్పు పిల్లలది కాదు. శ్రమ అనగానే మనమే మేడే, 1886 షికాగో కార్మికుల పోరాటం అంటాం. అవి తెలియాలి, కాదనను. అయితే మే 1కి బడికి సెలవులు. సార్వా, అంటే వానాకాలం పంట, ఊడుపులు పడేది బడి తెరిచాకే కదా, పత్రిక అప్పుడు వేయించండి. పిల్లల్ని గట్టు మీదకి తీసుకెళ్లి అడగనివ్వండి: ఆకు, అంటే నారు, తీసేదెవరు, మోసేదెవరు, ఎకరానికి ఎంతకి మాట్లాడుకున్నారు, మనిషికి ఎంత పడింది, ఆడవాళ్ల కూలికీ మగవాళ్ల కూలికీ తేడా ఉందా, ఉంటే ఎందుకు? సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఆ మాట పక్కనే ఊళ్లో నడుస్తున్న రేటు రాయమనండి.

ఇక్కడ జాగ్రత్త కావాలి. మా నాన్న కొబ్బరి దింపు తీస్తాడని క్లాసులో చెప్పడానికి ముడుచుకుపోయే పిల్లలున్నారు, ఎందుకంటే మన దగ్గర పని వెంటే కులం గుర్తొస్తుంది. అందుకని ఎవరింటి గురించి వాళ్లే రాయాలని పట్టుబట్టొద్దు. రైతు బిడ్డ కాయలు ఒలిచేవాళ్ల దగ్గర, షాపు వాళ్లబ్బాయి మగ్గం దగ్గర ఒక పూట కూర్చోవాలి.

గోదావరి డెల్టాలో ఎన్నో ఊళ్లలో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం ఉంది, ఉండాల్సిందే. 1847 నుంచి 1852 దాకా ఆ ఆనకట్టకి రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం మనకెవరికీ తెలియవు. వాళ్లని ఎలాగూ అడగలేం. ఈరోజు కాలవ పూడిక తీసేవాళ్లని అడగొచ్చు, ఒప్పుకుంటే పేరుతో సహా రాయొచ్చు.

పత్రిక పూర్తయ్యాక హెడ్మాస్టరు గదిలో తగిలించి వదిలేయకండి. సాయంత్రం రామాలయం అరుగు దగ్గర పిల్లలే చదివి వినిపించాలి. చదువురాని పెద్దమ్మ ‘అలా కాదురా, ఆకు కట్ట కట్టేది ఇలా’ అని దిద్దుతుంది. ఆవిడ చెప్పిన సవరణ వచ్చే సంచికలో మొదటి పేజీలో రావాలి.